మామ్మ కరివేపపువ్వు పంచిన ఏడాది

మొన్న ఉగాదికి నాలుగు రోజుల ముందు ఇక్కడ సింగపూర్‌లో సెరంగూన్ రోడ్డులో సరుకులు కొంటుంటే, బెల్లం అచ్చులకీ చింతపండు పాకెట్లకీ మధ్య అరచెయ్యంత ప్లాస్టిక్ సంచీలో సీలు వేసిన ఎండు వేపపువ్వు కనిపించింది. దాని మీద ధర, గడువు తేదీ, ఏ దేశం నుంచి వచ్చిందీ అన్నీ ముచ్చటగా అచ్చేసి ఉన్నాయి. రైల్లో పాసిర్ రిస్‌లో మా ఇంటి దాకా ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. వంటింట్లో కత్తెరతో మూల కత్తిరించేసరికి ముందు తేనెలాంటి తీపి వాసన, దాని వెనకాలే గొంతులో దిగే చేదు, ఆ వెనక ఎండలో ఆరిన నూలుచీర వాసన లాంటిదేదో వచ్చి నా చెయ్యి ఆగిపోయింది. ఒక్కసారిగా పన్నెండేళ్ళ పిల్లనైపోయాను అని రాస్తే అందంగా ఉంటుంది గానీ అలాంటిదేం జరగలేదు. నలభై దాటిన మనిషినే, ఒక తప్పు చేసి పాతికేళ్ళ పైన దాచుకున్న మనిషినే, కత్తెర పట్టుకుని అలాగే నిలబడ్డాను.

మాది చోవా చూ కాంగ్‌లో కిరాణా కొట్టు. మా నాన్న తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి మలయా రబ్బరు తోటలకి వచ్చారట. ఆయన కొడుకు, అంటే మా తాత, తోట వదిలి సింగపూర్ వచ్చి రేకుల పాకలో కొట్టు పెట్టాడు. తర్వాత గవర్నమెంటు ఆ పల్లెని ఖాళీ చేయించి ఫ్లాట్లు కట్టినప్పుడు, ఒక బ్లాకు కింద వరసలో మాకూ ఒక షాపు ఇచ్చారు. తాత పోయాక కొట్టు నాన్నదే అయినా, గల్లా పక్కన ఎత్తు పీట మీద కూచునేది మాత్రం మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ. పాక కొట్లోనూ ఆవిడే, ఫ్లాట్ల కింద కొట్లోనూ ఆవిడే. పీట కూడా ఒకటే. ఇల్లు మారినప్పుడు మంచాలు పారేసి ఆ పీట తెచ్చుకున్నాం.

మా వరసలో మొదట చైనీస్ మందుల కొట్టు, అక్కడ ఎండిన వేళ్ళూ బెరడులూ చిన్న తక్కెట్లో తూచే ముసలి అంకుల్, ఆ పక్కన మలయ్ అంకుల్ మంగలి షాపు, తర్వాత మాది, చివర కాఫీ షాపు ఉండేవి. పొద్దున్నే కాఫీ షాపులో రొట్టెలు కాల్చే వాసన, మందుల కొట్టు వగరు వాసన, మా కొట్లో ఎండుమిరపకాయలూ ఎండు నెత్తళ్ళూ అగరొత్తులూ కలిసిన ఘాటూ అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ నడవలో తిరిగేవి. కొట్టు గుమ్మానికి అరటాకుల కట్టలు వేలాడేవి, తమిళ వారపత్రికలు క్లిప్పులకి ఊగేవి, గాజు సీసాల్లో పుల్లటి రేగొడియాలూ రంగు మిఠాయిలూ ఉండేవి. వారానికోసారి పాత సామాన్లు కొనే కరుంగుని మనిషి పాంపాం అని బూర ఊదుకుంటూ వస్తే పై అంతస్తుల్లోంచి ఆడవాళ్ళు పాత పేపర్ల కట్టలతో దిగేవాళ్ళు. బ్లాకు కింద ఖాళీ జాగాలో మేము రబ్బరు బాండ్లు జడలా అల్లిన తాడుతో జీరో పాయింట్ అనే ఎగిరే ఆట ఆడేవాళ్ళం, నేల మీద చతికిలబడి అచ్చనగాయల్లాంటి ఫైవ్ స్టోన్స్ ఆడేవాళ్ళం. స్టోన్స్ అంటే రాళ్ళు కాదు, గుడ్డ మూటలు. మిగతా పిల్లలకి బియ్యం పోసి కుట్టేవాళ్ళు, మామ్మ మాత్రం పాత జాకెట్టు ముక్కల్లో పెసలు పోసి కుట్టి ఇచ్చేది, అవి చేతిలో చక్కగా ఒదిగేవి. మలయ్‌వాళ్ళ పండక్కి బిస్కట్లు, చైనావాళ్ళ కొత్త సంవత్సరానికి కమలాలు మా ఇంటికి వస్తే, దీపావళికి మామ్మ చేసిన జంతికలు బేసిన్లతో వాళ్ళిళ్ళకి వెళ్ళేవి. ఖాళీ బేసిన్ వెనక్కివ్వడం మా వరసలో ఎవరికీ అలవాటు లేదు.

మామ్మ మాట గురించి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. వందేళ్ళ కిందట శ్రీకాకుళం నుంచి ఓడెక్కిన తెలుగు అది, దారిలో తమిళాన్నీ మలయ్‌నీ చంకనేసుకుంది. కొట్లోకి ఎవరొచ్చినా, నేను బడి నుంచి వచ్చినా, ఆవిడ మొదటి ప్రశ్న ఒకటే: "మకాన్ అయిందేటే గుంటా?" అంటే అన్నం తిన్నావా పిల్లా అని. నేను బళ్ళో చదివింది తమిళం. ఇంట్లో వచ్చింది ఈ తెలుగు. ఈ అక్షరాలు పెళ్ళయ్యాక మా ఆయన దగ్గర కూచుని నేర్చుకున్నాను కాబట్టి ఎక్కడైనా ఒత్తు తప్పితే పెద్ద మనసు చేసుకోండి.

ఇక వేపపువ్వు. మా బ్లాకుకి ఎదురుగా, బస్టాపు దారిలో ఒక వేపచెట్టు ఉండేది. పల్లెని చదును చేసినప్పుడు ఎవరికి దయ పుట్టిందో దాన్నొక్కదాన్నీ వదిలేశారు. వానలు తగ్గి ఎండలు కాసే రోజుల్లో అది పూసేది. మామ్మ తెలవారుతుండగా ఉతికిన పాత నూలుచీర ఒకటి పట్టుకెళ్ళి చెట్టు కింద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, దాని మీద రాలినవే ఏరేది. కొమ్మ వంచి కొయ్యడం ఒప్పుకునేది కాదు. చెట్టు ఇచ్చిందే తీసుకోవాలట. తర్వాత చేటలో చెరిగి, పైన మా తొమ్మిదో అంతస్తు వరండాలో నీడపట్టున ఆరబెట్టి, పాలల్లో కలిపే మైలో పొడి ఖాళీ డబ్బాలో పోసి, ఉగాది వారం రోజులుందనగా పేపరు ముక్కల్లో పొట్లాలు కట్టేది. బెల్లం కొనడానికి వచ్చిన ప్రతి తెలుగింటికీ ఒక పొట్లం చేతిలో పెట్టేది, డబ్బు తీసుకునేది కాదు. మా అమ్మ ఒకసారి, ఇంత కష్టపడుతున్నారు కదా, ఓ పదో పరకో తీసుకోవచ్చు కదా అంటే, "సేదు అమ్ముకుంటే మనింటికి సేదే వొస్తాది" అని కొట్టిపారేసింది. అలా ఏటా ఓ పాతిక పొట్లాలు వెళ్ళేవి.

నాకు పన్నెండో ఏడు నడుస్తుండగా ఆ పాతిక నలభై అయింది. కంప్యూటర్ల జోరు మొదలై, హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి ఇంజనీర్లు కుటుంబాలతో దిగి మా చుట్టుపక్కల ఫ్లాట్లు అద్దెకి తీసుకున్నారు. నడుముకి పేజర్లు, భుజానికి నల్ల సంచీలు, మా కొట్టు ముందు ఆగి "ఇక్కడ తెలుగువాళ్ళు ఉన్నారా!" అని వింతగా నవ్వడం. మామ్మకైతే చెప్పలేనంత సంబరం. అమ్మా, అయ్యా అని పిలిచి పీట దిగి మరీ సరుకు అందించేది. వాళ్ళు బయటికెళ్ళి ఆవిడ మాటని అనుకరించి నవ్వుకోవడం ఆవిడకి తెలీదు, నాకు తెలుసు. వాళ్ళలో సింధు అనే అమ్మాయి మా క్లాసులో చేరింది. తెల్లగా ఇస్త్రీ చేసిన యూనిఫారం, ఇంట్లో కంప్యూటరు, అందులో రంగుల బొమ్మల ఆటలు. సింధు నన్ను తన పక్కన కూచోబెట్టుకుంటే నేను నేల మీద నడవలేదు.

మార్చి సెలవుల్లో మొదటిరోజు పొద్దున మామ్మా నేనూ చెట్టు కింద చీర పరిచి గొంతుక్కూచుని పువ్వు ఏరుతున్నాం. గుప్పెడో రెండు గుప్పిళ్ళో అయిందేమో, సింధూ, మా క్లాసు పిల్లలు ఇంకో ఇద్దరూ బ్యాడ్మింటన్ రాకెట్లతో అటే వచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి, "ఎయ్, యూ కరుంగుని ఆ?" అంది. అందరూ నవ్వారు. సింధూ నవ్వింది. మామ్మకి ఏం అర్థమైందో, తనూ నవ్వుతూ, "రండర్రా గుంటల్లారా, మీరూ రెండేరండి, పున్నెవుంటాది" అని పిలిచింది. సింధు నా దగ్గరికి వంగి మెల్లిగా, "ఆవిడ మాట్లాడేది తెలుగేనా?" అని అడిగింది. అది ఎగతాళి కూడా కాదు, నిజంగానే తెలీక అడిగింది. అందుకే ఎక్కువ తగిలింది. నేను పావడా దులుపుకుని లేచి, "ఏమో" అన్నాను. మా మామ్మ మాట్లాడేది ఏ భాషో నాకు తెలీదని చెప్పాను, ఆవిడ పక్కనే నిలబడి.

ఆ సాయంత్రం నేను చేసిన పని ఇప్పటికీ తల్చుకుంటే చెవులు వేడెక్కుతాయి. మామ్మ దగ్గర కూచుని, ఆవిడ మోకాళ్ళు ఒత్తుతూ, "నువ్వు వంగలేకపోతున్నావు మామ్మా, రేపటి నుంచి నేనొక్కదాన్నే వెళ్ళి ఏరుకొస్తాను" అన్నాను. మామ్మ మెటికలు విరిచింది. మర్నాడు కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ, మందుల కొట్టు అంకుల్‌తో సహా, నా మనవరాలికి నా మోకాళ్ళంటే ఎంత బెంగో చూడండి అని చెప్పుకుంది.

నేను వేపచెట్టు వైపు వెళ్ళలేదు. బ్లాకు వెనకాల, చెత్త తొట్ల పక్కన, ఎవరూ తిరగని చోట, కింది అంతస్తు తమిళ ఆంటీ వేసిన కరివేపాకు పొదలు రెండు మనిషెత్తున ఎదిగి తెల్లగా పూసి ఉన్నాయి. పువ్వు తుంచేస్తే ఆకు బాగా వేస్తుందని ఆవిడ సంతోషంగా కోసుకోమంది. చిన్న చిన్న తెల్లపువ్వులు, గుత్తులు గుత్తులు. ఎండితే గోధుమరంగు తిరిగి వేపపువ్వుకి అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. అయిదు పొద్దులు కోశాను. మొదటిరోజు ఏరిన అసలు పువ్వు పైపైన కలిపాను. అంత తెలివి ఎక్కడినుంచి వచ్చిందో! మామ్మ ముక్కు ఎండుమిరపకాయల మధ్య కూచుని ఏనాడో వాసన మర్చిపోయింది. కంటికి కొంచెం పొర వచ్చినా బియ్యంలో రాయి పట్టుకునే చూపు ఉంది. చేటలో పోసి, "ఈయేడు పువ్వు లావుగున్నాదేటే?" అంది. "వాన పడింది కదా మామ్మా" అన్నాను. మనవరాలు తెచ్చింది, ఇంకేం చూస్తుంది. నలభై పొట్లాలు కట్టింది.

ఉగాది పొద్దున అందరం తలంట్లు పోసుకుని కొత్తబట్టలతో కూచున్నాం. మామ్మ పచ్చడి కలిపి దేవుడికి పెట్టి తలా ఒక చెంచా వేసింది. నాన్న నాలిక చప్పరించి, "ఈసారి కమ్మగా ఉందే" అన్నాడు. మామ్మ నోట్లో వేసుకుని నమిలింది. ఇంకా నమిలింది. మైలో డబ్బా వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను గ్లాసెడు నీళ్ళు గటగటా తాగేశాను. మామ్మ లేచింది. డబ్బా మూత గట్టిగా నొక్కి పైన పెట్టేసింది.

తర్వాతి ఆదివారం కొట్టు కిటకిటలాడుతోంది. నేను నాన్న పక్కన ఉల్లిపాయలు సంచుల్లో వేస్తున్నాను. సింధు వాళ్ళమ్మ వచ్చింది, వెనకాల సింధు. ఆవిడ చేతిలో మా పేపరు పొట్లం ఉంది. అందరి ముందూ దాన్ని బల్ల మీద విప్పింది. "మామ్మగారూ, ఇది వేపపువ్వు కాదండీ, కరివేపాకు పువ్వు. మా పుట్టింటి పెరట్లో రెండు చెట్లూ ఉండేవి, నాకు తెలీదా? దేశంకాని దేశంలో మొదటి ఉగాది, వేపపువ్వు కూడా దొరికిందని మా అమ్మకి ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను. తీరా నోట్లో పెట్టుకుంటే చేదే లేదు. ఊరికే ఇస్తున్నారు కదా అని ఏదైనా ఇచ్చేస్తారా?" ఆవిడ గయ్యాళి మనిషి కాదు, పుట్టింటి మీద బెంగతో ఉంది, అంతే. వెనకున్న మరో ఇద్దరు కూడా మా ఇంట్లోనూ అంతే అన్నారు.

ఒక్క మాట చెప్తే చాలు. నేనే కోశాను, మామ్మకి తెలీదు. అంతే, అంతకన్నా అక్కర్లేదు. సింధు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. నేను ఉల్లిపాయల్లోకి తలవంచుకుని కుక్కిన పేనులా పడున్నాను.

మామ్మ పీట దిగింది. రెండు చేతులూ జోడించింది. "నా తప్పేనమ్మా. కల్లు మసకలైపోనాయి. ఏటి ఏరీసినానో నాకే తెలీలేదు. ఏటీ అనుకోకండి తల్లీ." ఆవిడ నా వైపు కన్నెత్తి చూడలేదు. చూస్తే ఎవరికైనా తెలిసిపోతుందని చూడలేదు. సింధు వాళ్ళమ్మే కంగారుపడి, "అయ్యో, పెద్దవారు, అంత మాటెందుకు లెండి" అంటూ పొట్లం మళ్ళీ చుట్టేసింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారే, ఆ సాయంత్రమంతా నేను దొరనే. మర్నాడు పొద్దున నాన్న మామ్మతో మెత్తగానే చెప్పాడు: "నువ్వింక కొట్లోకి రావద్దమ్మా. ఇవాళ పువ్వుతో పోయింది సరే, రేపు కళ్ళు కనపడక తినేదానికి బదులు ఎలకల మందు ఇచ్చేస్తే? ఇంట్లో విశ్రాంతిగా కూచో." అమ్మ కూడా అవునంది. మామ్మ ఏదో అనబోయింది. గదిలో నేనున్నానని చూసింది. "అలగే నాయనా" అంది.

పీట పైకి తీసుకొచ్చారు, తొమ్మిదో అంతస్తు వరండాలో వేశారు. నలభై ఏళ్ళు వచ్చేపోయే జనాన్ని మకాన్ అయిందా అని పలకరించిన మనిషి, ఆ పీట మీద కూచుని కింద మా కొట్టు ముందరి రేకుల చూరునీ వేపచెట్టునీ చూస్తూ గడిపింది. పొద్దున్నే అలవాటు కొద్దీ తల దువ్వుకుని బొట్టు పెట్టుకుని లిఫ్టు దాకా వెళ్ళి, గుర్తొచ్చి వెనక్కి వచ్చేది. ఫైవ్ స్టోన్స్ మూటలు కుడుతుండేది. సూదిలో దారం తనే ఎక్కించుకునేది, ఒక్క ప్రయత్నంలో. అది రోజూ చూసిందాన్ని నేనొక్కదాన్నే. నాకు మాత్రం ఒక్కనాడూ ఒక్క ఎత్తిపొడుపు లేదు, బడి నుంచి రాగానే, "మకాన్ అయిందేటే గుంటా?" అదే మాట. తిట్టి ఉంటే బావుండేది. మరుసటేడు ఉగాదికి పొట్లాలు లేవు. ఇంకో మూడేళ్ళు అలా కూచుని, ఒక వానాకాలం జ్వరంతో కన్నుమూసింది. ఆస్పత్రిలో ఆవిడ మంచం పక్కన రెండు మధ్యాహ్నాలు ఒంటరిగా కూచున్నాను. అప్పుడూ చెప్పలేదు.

అసలు సిగ్గు ఇంకా ఉంది. మా ఇంట్లో అది నవ్వుల కథ అయిపోయింది. ప్రతి ఉగాదికీ పచ్చడి నోట్లో పెట్టుకోగానే నాన్న మొదలుపెట్టేవాడు, "మామ్మ కరివేపపువ్వు పంచిన ఏడాది గుర్తుందా?" అని. నలభై ఇళ్ళలో చేదు లేని ఉగాది, పొట్లం పట్టుకుని కొట్టు మీదికొచ్చిన ఆవిడ, పాపం మామ్మ కళ్ళు. అమ్మ నవ్వేది, మా ఆయన నవ్వేవాడు, పుట్టినప్పటి నుంచి విన్న నా కూతురు, "తాతా, టెల్ ద ఫ్లవర్ స్టోరీ లా!" అని అడిగి మరీ చెప్పించుకునేది. నేనూ నవ్వేదాన్ని. పాతిక ఉగాదులు నవ్వాను.

ఈ ఏడు అమ్మ లేదు. పోయిన ఏడే పోయింది. డెబ్బై అయిదేళ్ళ నాన్న మా దగ్గరే ఉంటున్నాడు. సీలు కత్తిరించిన ఆ కొనుక్కొచ్చిన పువ్వుతోనే పచ్చడి కలిపాను. నాన్న చెంచా నోట్లో పెట్టుకుని, చేదుకి కళ్ళు మూసి తెరిచి, ఎప్పటిలాగే నవ్వుతూ, "మీ మామ్మకి పాపం అప్పటికే కళ్ళు..." అని మొదలెట్టాడు.

"మామ్మ కళ్ళు బాగానే ఉన్నాయి నాన్నా" అన్నాను.

చెప్పేశాను. చెట్టు దగ్గర నవ్విన పిల్లలు, కరివేపాకు పొదలు, పైపైన కలిపిన గుప్పెడు పువ్వు, ఉల్లిపాయల సంచీ, సూదిలో దారం, అన్నీ. నా కూతురు చెంచా కింద పెట్టి నన్ను చూస్తోంది. గుండె బరువు దిగుతుందనుకున్నాను కాబోలు, నాన్న తిడతాడని, లేకపోతే పన్నెండేళ్ళ పిల్లవి నీకేం తెలుసులే అని తల నిమురుతాడని. ఆయన రెండూ చెయ్యలేదు. చెంచా పచ్చడి గిన్నెలో పెట్టేసి, ఎన్నడూ మా ముందు మాట్లాడని వాళ్ళమ్మ మాటలో, తనలో తను అనుకున్నట్టు అన్నాడు:

"మరి నాను మాయమ్మని కొట్లోంచి లేపేసినాను గదే."

ఆ కొట్టున్న చోట ఇప్పుడు టీ అమ్ముతున్నారు, ప్లాస్టిక్ గ్లాసుల్లో, పిల్లలు వరసలో నిలబడి కొనుక్కుంటున్నారు. మందుల అంకుల్ లేడు, మంగలి షాపు లేదు, సింధు వాళ్ళు ఎప్పుడో సిడ్నీ వెళ్ళిపోయారు. వేపచెట్టు ఉన్న చోట కప్పున్న నడకదారి వేశారు. ఇన్ని పోయినా ఉగాదికి ఆ కథ మిగిలుండేది. నాన్న ఇప్పుడు పొద్దున్నే మా వరండాలో మామ్మ పీట వేసుకుని కూచుంటున్నాడు. మొన్న నా కూతురు పక్కన చేరి ఏదైనా పాత కథ చెప్పమంటే, గుర్తులేదమ్మా అన్నాడు.